బీరువా గారికి, ఒకటో తరగతి టీచరు రాయునది

గౌరవనీయులైన ఇనప బీరువా గారికి,

నమస్కారం. మీరు క్షేమమని నాకు తెలుసు, మన బడిలో వానకి తడవకుండా ఎండకి ఎండకుండా హాయిగా ఉన్నది మీరొక్కరే కదా. మా క్లాసులో పెచ్చులు రాలుతుంటే మీకు హెచ్‌ఎం గారి గదిలో ఫ్యాను కింద చోటు. మీ తాళంచెవి సారు బండి తాళంతో పాటు ఒకే రింగులో తిరుగుతుంది, అంటే సారు సెలవు పెడితే మీరూ సెలవులో ఉన్నట్టే. మాకేమో క్యాజువల్ లీవు అడగాలంటే టెన్షను.

విషయానికొస్తాను. మీ కింద అరలో ఒక ఆటల పెట్టె ఉంది. రంగు పూసలు, దారాలు, చెక్క దిమ్మలు, జంతువుల పజిళ్లు, వేళ్లకి తొడుక్కునే గుడ్డ బొమ్మలు, బొమ్మల కార్డులు. అయిదారేళ్ల పిల్లల కోసం వచ్చిన పెట్టె అది. పజిళ్ల మీది ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. ఆ పెట్టె బళ్లోకి వచ్చినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఎక్కాలు చదువుతున్నారు. వాళ్లకి మీరు తెలుసు, మీ కడుపులో ఏముందో తెలీదు.

మీరు ఆ పెట్టెని ఎవరికీ ఇవ్వలేదంటే మాత్రం అన్యాయమే. ఆ మధ్య బదిలీల్లో పాత హెచ్‌ఎం గారు కొత్త హెచ్‌ఎం గారికి ఛార్జి అప్పగించాల్సి వచ్చినప్పుడు ఇచ్చారుగా! స్టాకు రిజిస్టర్లో "పూసలు - 200" అని రాసి ఉంది, పెద్దమనుషులిద్దరూ నేల మీద పేపరు పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, పదేసి చొప్పున కుప్పలు పోశారు. ఒక కుప్పలో తొమ్మిదే వచ్చాయి, మొత్తం కలిపేసి మళ్లీ మొదటి నుంచి. పదులు, పదుల కుప్పలు, కుప్పల్ని కలిపితే వందలు - నేను నెల రోజులు బల్ల గుద్ది చెప్పినా ఎక్కని స్థానవిలువ పాఠం కళ్ల ముందు నడుస్తుంటే మా క్లాసు పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని చూశారు. చివరికి 197 తేలాయి. మూడు పూసల కోసం టార్చిలైటు వేసి బల్లల కింద వెతికారు. ఇప్పటిదాకా ఆ పూసలతో లెక్కలు నేర్చుకున్నది వాళ్లిద్దరే, ఇద్దరికీ సర్వీసు పాతికేళ్లు దాటింది.

సారుని తిట్టడం లేదండీ. రేపు ఆడిట్‌లో మూడు పూసలేవని అడిగితే "పిల్లలు ఆడుకుంటుంటే పోయాయి" అన్న జవాబు చెల్లదని ఆయనకి తెలుసు. అయిదేళ్ల పెట్టెలో ఒక్క పూసా పోలేదేమిటని, అసలు తీశారా లేదా అని ఎవరూ మెమో ఇవ్వరనీ తెలుసు. ఈ రెండూ తెలిసినవాడు తాళం వెయ్యక ఏం చేస్తాడు?

ఢిల్లీ వాళ్లు చెప్పడంలో మాత్రం లోటు చెయ్యలేదు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది, ఆ వయసులో ఆటతోనే చదువు అంది. 2021లో ఒకటో తరగతి పిల్లలకి మొదటి మూడు నెలలు ఆటపాటలే అంటూ విద్యాప్రవేశ్ వచ్చింది. 2022లో పునాది దశకి పాఠ్యప్రణాళిక చట్రం. 2023 ఫిబ్రవరిలో, కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు జాదూయీ పిటారా అని ఏకంగా ఒక మాయల పెట్టెనే విడుదల చేశారు. మాయ సంగతి మాకు కొత్తేం కాదు, పెట్టె బళ్లోకి రావడం, మాయమవడం మీ దయవల్ల ఎప్పటినుంచో చూస్తున్నాం.

పాపం మీ పై అర నిండా ట్రైనింగ్ మాడ్యూళ్లే. ఒక్కోదాంట్లో చిన్నపిల్లలకి ఆటలతో, చేతిపనితో చదువు చెప్పమన్న ఫ్రోబెల్, మాంటిస్సోరి, గిజూభాయి బధేకా. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు వచ్చి యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి టీచర్లకి పాఠాలు చెప్పింది. గిజూభాయి వకీలు పని వదిలేసి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెడితే జనం ఆయన్ని మీసాల అమ్మ అన్నారు. అంతటివాళ్లు పై అరలో, వాళ్లు పిల్లల చేతికివ్వమన్న సరుకు కింద అరలో, మధ్యలో మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు. ఇన్నేళ్ల సహవాసంలో మీకైనా కాస్త ఒంటబట్టి ఉండాలే!

ఏడాదికోసారి మాత్రం మీకూ మనసు కరుగుతుంది. "రేపు విజిట్" అని గ్రూపులో మెసేజి పడగానే కిర్రుమని తెరుచుకుంటారు. పజిలు ముందు ఒక పాపని కూర్చోబెట్టి, జడ ముందుకు వేసి, కవరు మీదే చెయ్యి పెట్టించి, "నవ్వు తల్లీ" అని ఫొటో తీసి, యాప్‌లో ఎక్కించి, మళ్లీ పెట్టెలో పెట్టెయ్యడానికి పావుగంట పట్టదు. పోయినసారి ఒకడు చెక్క దిమ్మలు నిలువుగా పేర్చాడు, పడిపోయింది, రెండోసారి అడుగున వెడల్పు దిమ్మ పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఎందుకు పడిందో వాడికి వాడే కనిపెట్టుకున్నాడండీ, ఎవరూ చెప్పలా. ఆపాటికి ఫొటో బాగా వచ్చింది, దిమ్మలు లోపలికి పోయాయి.

మీరు ఇవ్వనంత మాత్రాన వాళ్లు ఆగారా? వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసుకున్నారు. చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి గవ్వలు చేసుకున్నారు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. పిక్కలు నేలమీద ఆగకముందే "మూడు!" అని అరిచి కాయ జరిపేసే పిల్ల, పుస్తకంలో మూడు యాపిల్ పళ్ల బొమ్మ చూపిస్తే వేలు పెట్టి ఒకటీ, రెండూ అని లెక్కపెడుతుంది. ఎదుటివాడి కాయని చంపాలంటే ఇంకా ఎన్ని పడాలో కూడా నోటితోనే చెబుతుంది. అది తీసివేత అని దానికి నేను చెప్పలేదు, చెబితే భయపడుతుందేమోనని.

ఇక ఆ పిల్ల వాళ్ల నాన్న. తాపీ పని. ఒకరోజు పనికెళ్తూ గేటు దగ్గర ఆగి, "మేడంగారూ, మా పిల్ల ఇంటికొచ్చి గవ్వలాట ఆడామంటుంది. ఆడుకోటానికైతే ఇంటికాడ లేదాండీ? బడికెందుకంపటం?" అన్నాడు. నేను ట్రైనింగులో విన్నవన్నీ చెప్పాను, చాలా మర్యాదగా విన్నాడు. జూన్‌లో పిల్లని ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కించాడు. ఆయన్ని అనడానికి నాకు నోరు రాదు. బస్సు, టై, ఏబీసీడీలు కంటికి కనపడతాయి, దిమ్మ ఎందుకు పడిపోయిందో తెలుసుకోవడం కనపడదు. పైగా బళ్లోనే ఆటవస్తువులు తాళంలో ఉంటే, అవి చదువులో భాగమని బయటివాడు ఎందుకు నమ్మాలి? ఇలా ఇంకొందరు ఎక్కితే హాజరు తగ్గి, పిల్లల లెక్కని బట్టి టీచర్లని సర్దే రేషనలైజేషన్‌లో నా పోస్టు పోతుంది. మీరు మాత్రం ఉంటారు, మీరు స్టాకు కదా.

ఆ పసుపు బస్సు వెళ్లే చోట మీ చుట్టం ఒకరున్నారని విన్నాను, అద్దాల గది అట. జారుడుబల్ల, రంగు బంతులు, గేటు మీద "ఆటల ద్వారా చదువు" అని ఫ్లెక్సీ. అడ్మిషన్ల రోజున తల్లిదండ్రులకి చూపిస్తారట. తర్వాత ఎల్‌కేజీ పిల్లలు నాలుగు గీతల కాపీలో ఒకే అక్షరం పేజీ నిండా దింపుతూ ఆ అద్దంలోంచి బంతుల్ని చూస్తారట. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చిన్నపిల్లలకి అసలు సంచే వద్దంది, రెండో తరగతి దాటేదాకా హోంవర్కు వద్దంది. అది ఏ బీరువాలో ఉందో మరి, మీ జాతివాళ్లనే అడగాలి.

కాబట్టి అయ్యా, నాకు కావలసింది ఒకటే. తాళంచెవి నాకు ఇప్పించండి, సోమవారం నుంచి పెట్టె మా క్లాసులో, పిల్లలకి అందేంత ఎత్తులో ఉంటుంది. పూసలు పోతాయి, నిజం. రెండు చెవుల్లో దూరతాయి, నాలుగు జేబుల్లో ఇంటికెళతాయి, కార్డులు చిరుగుతాయి. రిజిస్టర్లో చివరి గడిలో "పిల్లలు వాడగా అరిగినవి" అని రాసి సంతకం పెట్టడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒకటో తరగతి టీచరు

తా.క.: మొన్న దుమ్ము దులుపుతుంటే గుడ్డ బొమ్మల్లో కుందేలు కనిపించలేదు. మీ వెనక రేకుకి కన్నం పడింది, ఎలుకలు పిల్లల్ని పెట్టినట్టున్నాయి. కుందేలు ఎలా పోయిందని రిజిస్టర్లో రాయాలో తెలియక సారు ఆ గడి ఖాళీ వదిలేశారు. "పిల్లలు వాడగా" అని రాసుకోమన్నాను, ఎవరి పిల్లలని అడిగేవాళ్లెవరూ లేరు.