తీగల పటంలో కనిపించని మాట

2024లో పండ్ల ఈగ మెదడు పటం పూర్తిగా వెలువడింది. సుమారు 1,39,000 నాడీకణాలు, వాటి మధ్య 5 కోట్లకు పైగా సంధులు, అంటే ఒక కణం నుంచి మరో కణానికి సంకేతం అందే చోట్లు. గొప్ప విజయమే. కానీ మనిషి మెదడుకూ ఇలాంటి పటం గీస్తే ఆలోచనల గుట్టు తేలిపోతుందన్న వాదనను నేను ఒప్పుకోలేను. మట్టిలో బతికే మిల్లీమీటరు పురుగు సీ. ఎలిగాన్స్‌కు ఉన్నవి 302 నాడీకణాలే. వాటి అల్లిక 1986లోనే అచ్చయింది. అయినా ఆ పురుగు మరుక్షణం ఏం చేస్తుందో పటం చూసి చెప్పలేకపోతున్నాం. ఏ తీగ ఎక్కడికి వెళ్లిందో పటం చూపుతుంది. ఈ క్షణాన ఏ కణం మాట చెల్లుతుందో తేల్చడంలో రసాయనాలదే పెద్ద చేయి.

పీత కడుపులో ఆహారాన్ని నమిలే పళ్లుంటాయి. ఆ కడుపును ఆడించే నాడీముడిలో ఉన్నవి దాదాపు 30 కణాలు. ఈవ్ మార్డర్ వంటి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఈ చిన్న ముడినే పట్టుకుని కూర్చున్నారు. దానిపై పడే రసాయనం మారితే లయ మారిపోతుంది. అంతవరకు వేగపు లయలో కొట్టుకున్న కణం నెమ్మది లయలో చేరిపోతుంది. తీగలు మాత్రం ఎక్కడివక్కడే.

మన మెదడులో అంతస్తులు ఎక్కువ. కన్ను చూసినది కింది నుంచి పైకి వెళుతుంది, పైనుంచి అంచనాలు కిందికి దిగుతాయి. అసిటైల్‌కొలిన్ అనే మెదడు రసాయనం పెరిగినప్పుడు కింది సమాచారానికి బలం చేకూరి, పై అంచనాల పట్టు సడలుతుందని ప్రయోగాలు సూచిస్తున్నాయి.

మా పెదనాన్నకు పార్కిన్సన్స్ వ్యాధి, మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గి కదలికలు కష్టమయ్యే జబ్బు. వంటింటి గడప దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయేవి. మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు అదే గడప దాటి పెరట్లో మల్లెపాదు దాకా నడిచేవారు. ఆ కాసేపట్లో కొత్త తీగ ఒక్కటీ మొలవలేదు, డోపమైన్ అందిందంతే.

అయితే డోపమైన్ కదలికల దగ్గరే ఆగదు, కోరికలను, నిర్ణయాలను నడిపే వలయాల్లోనూ పనిచేస్తుంది. అందుకే డోపమైన్‌ను అనుకరించే కొన్ని మందులు వాడే రోగుల్లో కొందరికి ఉన్నట్టుండి జూదం పిచ్చి పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లు ముసలితనంలో బుద్ధి వక్రించిందని తిడతారు, రోగులు సిగ్గుతో దాచుకుంటారు. మోతాదు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో చాలామందిలో అది తగ్గుతుంది. ఆ మందు రాసిన రోజే, రోగి పక్కన కూర్చున్న మనిషికి కూడా డాక్టరు ఈ సంగతి విడమరిచి చెప్పాలి.