అధ్యక్షులవారి పేరు ఎవరు మింగారు?

వినాయకుడికి చందా ఇచ్చినవారికి పుణ్యం దక్కిందో లేదో తేలడానికి కొంతకాలం పడుతుంది గాని, తమ పేరును కమిటీవారు జాబితాలో ఎక్కడ వేశారో తేల్చుకోవడానికి దాతకు అరనిమిషం చాలు. మా అపార్ట్‌మెంటులో ఏటా ఆ జాబితాను ఫ్లెక్సీ మీద వేయించేవారు. ఫ్లెక్సీ వచ్చిన మరునాడు చందా ఇచ్చినవారికి అందులో చోటుండదు; ముందే ఇచ్చినవారి పేరులో ఒత్తుండదు. ఈ బాధలన్నీ తీరేలా ఈసారి మండపంలో ఒక టీవీ పెట్టి, దాతల పేర్లను డేటాబేసు నుంచి నేరుగా తెర మీదికి రప్పిద్దామని కార్యదర్శిగారు ప్రతిపాదించారు. అంతటి పనిని చేయగల సమర్థుడు బీటెక్ మూడో సంవత్సరం చదువుతూ ఆయన ఇంట్లోనే ఉన్నాడు గనుక, పైసా ఖర్చు లేదన్న ఒకే ఒక్క కారణం మీద ఆ ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది.

అబ్బాయి ఎంచుకున్న కంప్యూటరు భాష పీహెచ్‌పీ. ఆ భాష నాకూ కొద్దో గొప్పో వచ్చు. ఆ సంగతి కమిటీకి తెలిసిన మరుక్షణం నిమజ్జనం దాకా నా నిద్ర నాది కాదన్న ఎరుక కూడా ఉంది గనుక, కుర్చీలు వేయించే బాధ్యతను ముందుగానే అడిగి తీసుకుని, టీవీకి వీలైనంత దూరంగా తిరుగుతూ వచ్చాను.

రాస్మస్ లెర్‌డార్ఫ్ అనే ఆయన, ఇంటర్నెట్‌లో పెట్టిన తన రెజ్యూమేను ఎంతమంది చూసిపోతున్నారో తెలుసుకోవడానికి 1994లో రాసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములే తరువాత పీహెచ్‌పీగా పెరిగాయి. బాలాపూర్ గణేశుని లడ్డూను మొట్టమొదట వేలం వేసిందీ 1994లోనే. ఆ ఏడాది అది 450 రూపాయలకు పోయింది. మన పేరు నలుగురి కంటా పడిందా లేదా అన్న ఆరాటం నుంచి పుట్టిన భాషను చందాల జాబితాకు వాడడంలో అనౌచిత్యం ఏమీ లేదని నేను ఇప్పటికీ అంటాను.

తొలి ఆటంకాలు త్వరగానే తీరిపోయాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసుతో మాట్లాడడానికి అబ్బాయి ఏదో పాత పాఠం నుంచి ఎత్తిరాసిన మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను, అంటే పేరు పెట్టి పిలిస్తే పనిచేసిపెట్టే ఆజ్ఞలను, 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసివేశారు గనుక, వాటి స్థానంలో మైఎస్‌క్యూఎల్‌ఐ ఫంక్షన్లు పెట్టుకోవలసి వచ్చింది. ఆ తరువాత తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారి, అపార్ట్‌మెంటు మొత్తం గుప్తదానం చేసినట్లు కనిపించింది. డేటాబేసుతో ఉన్న కనెక్షన్‌కు, తెలుగు అక్షరాలనూ మోయగల యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతి వాడమని ఒక మాట చెప్పగానే అందరూ బయటపడ్డారు. అటు తరువాత ప్రతి అంకె రెండేసిసార్లు అచ్చయింది. డేటాబేసు నుంచి ఒక్కో దాత వివరాల వరుసను తెచ్చిపెట్టే ఫెచ్ అర్రే అనే ఫంక్షను, మనం ప్రత్యేకంగా వద్దనకపోతే, ప్రతి గడినీ ఒకసారి దాని సంఖ్యతోనూ ఇంకొకసారి దాని పేరుతోనూ అందిస్తుంది గనుక, అన్నింటినీ తిప్పి చూపించమంటే రెండింటినీ చూపిస్తుంది. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కోశాధికారిగారు ఆ తెరను చూసి చేతి సంచిలోని మాత్రల డబ్బీ వెతుక్కున్నారు గాని, పేరుతో మాత్రమే అందించే ఫెచ్ అసోక్‌కు మార్చేసరికి అదీ సర్దుకుంది.

చవితినాటి సాయంత్రం హారతి కాగానే టీవీ వెలిగింది. చందాలు ఎక్కువ ఇచ్చినవారి నుంచి తక్కువ ఇచ్చినవారి వరకు పేర్లు క్రమంగా దిగివచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారు మాత్రం కొట్టలేదు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన ఆయన ఆ ఏడు 25,116 రూపాయలు ఇచ్చారు. వారికంటె ఎక్కువ ఇచ్చినవారు లేరు, ఇవ్వడం మర్యాద కూడా కాదు. అయినా జాబితా కోశాధికారిగారి 15,116 రూపాయలతో మొదలైంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, జాబితా రెండో చుట్టు తిరిగేదాకా ఓపికగా నిలబడ్డారు, చివరికి టీవీ అంచున ఏమైనా నక్కి ఉన్నదేమోనని పక్కనుంచి కూడా తొంగిచూశారు.

“బాబూ, నా పేరు కనిపించడం లేదేమిటి?”

“ఉందంకుల్. డేటాబేసులో ఉంది.”

“డేటాబేసులో ఉంటే ఎవరు చూస్తారయ్యా?”

ఈ ప్రశ్నకు అబ్బాయి దగ్గర సమాధానం లేకపోయింది. అధ్యక్షులవారి చూపు మెల్లగా, జాబితాలో తలమానికంగా వెలుగుతున్న కోశాధికారిగారి మీదికి మళ్లింది. కోశాధికారిగారు ఆ చూపును అర్థం చేసుకుని, రసీదు పుస్తకం తెప్పించి, కార్బన్ కాపీతో సహా తమ నిర్దోషిత్వాన్ని నిరూపించుకున్నారు. ఆ తరువాత ఆ రాత్రి వారిద్దరూ పులిహోర వేర్వేరు మూలల్లో కూర్చుని తిన్నారు.

జరిగిన సంగతి నాకు కుర్చీల మధ్య నుంచే అర్థమైంది. చందాలు ఒక్కటైనా వచ్చాయా లేదా అని తెలుసుకోవడానికి అబ్బాయి ముందుగా ఇఫ్ అనే షరతు ఒకటి పెట్టి, అందులో ఫెచ్‌ను ఒకసారి పిలిచాడు. ఏదో ఒక వరుస చేతికి వచ్చింది గనుక జాబితా ఖాళీ కాదని తేల్చుకుని, అప్పుడు వరుసలు అయిపోయేదాకా ఒక్కొక్కదాన్నే తెచ్చి చూపే వైల్ లూప్ మొదలుపెట్టాడు. అయితే డేటాబేసు ఇచ్చే ఫలితం హారతి పళ్లెం వంటిది. ఎవరు చేయి చాపితే వారి ముందు ఒకసారి ఆగి, పక్కవారి దగ్గరికి సాగిపోతుందే గాని, నేను పరధ్యానంగా ఉన్నానంటే వెనక్కి రాదు. డేటా సీక్ అనే ఫంక్షనుతో పూజారిని ప్రత్యేకంగా బతిమాలుకుంటే మళ్లీ మొదటికి వస్తుందన్నమాట నిజమే గాని, అబ్బాయి బతిమాలలేదు. ఇఫ్ చేయి చాపి అధ్యక్షులవారిని అందుకుంది, ఉన్నారని నిర్ధారించుకుంది, కింద పడేసింది. లూప్ దగ్గరికి పళ్లెం వచ్చేసరికి వంతు కోశాధికారిగారిది. ఎన్ని వరుసలున్నాయో చెప్పడానికి నమ్ రోస్ అనే అంకె విడిగా ఉన్నదని, దాన్ని చూస్తే ఎవరినీ మింగనవసరం లేదని నా నాలుక చివరిదాకా వచ్చింది; నా నిద్ర గుర్తుకొచ్చి మింగేశాను.

అబ్బాయి ఆ రాత్రంతా ఆలోచించి, రోగాన్ని కాక రోగి బంధువులను ఊరడించే మార్గం ఒకటి కనిపెట్టాడు. మొదటి వరుస ఎటూ మాయమవుతున్నది కదా, మాయమవడానికే ఒక వరుసను తయారుచేసి అన్నిటికన్న పైన కూర్చోబెడితే సరిపోతుందని వాడికి తోచింది. ‘పరీక్ష’ అనే పేరుతో 99,999 రూపాయల చందాను డేటాబేసులో చేర్చాడు. ఇఫ్ యథాప్రకారం చేయి చాపి పరీక్షను మింగింది. లూప్ అధ్యక్షులవారితో మొదలైంది. ఉదయం పూజకు వచ్చిన అధ్యక్షులవారు తమ పేరును చూసుకుని, కోశాధికారిగారిని తామే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. శాంతి నెలకొన్నదని అందరం అనుకున్నాం.

అయితే జాబితా అడుగున మొత్తం వసూలు ఎంతో చూపే పంక్తి ఒకటి ఉంది. ఆ మొత్తాన్ని లూప్ కాక డేటాబేసే నేరుగా కూడి ఇస్తుంది. దానికి పరీక్ష ఎవరో, అధ్యక్షులవారు ఎవరో తెలియదు. పుస్తకంలో 2,14,612 రూపాయలున్న నిధి తెర మీద 3,14,611 అయి కూర్చుంది. మధ్యాహ్నం పూట తోచక మండపంలో కూర్చునే తెలుగు మాస్టారు, అచ్చుతప్పులు వెతుకుదామని వచ్చి, అవేవీ దొరకకపోవడంతో అంకెలు కూడారు. పేర్ల ఎదుట ఉన్న సొమ్మంతా కలిపినా అడుగున ఉన్న మొత్తానికి లక్షకు ఒక్క రూపాయి తక్కువ వచ్చింది. ఆయన ఆ సంగతిని ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంటూ ఒక్కొక్కరికే చెప్పారు.

ఆ రాత్రి మండపంలో భజన జరగలేదు, సర్వసభ్య సమావేశం జరిగింది. తెర మీద మూడు లక్షల చిల్లర వసూలైందని కమిటీయే చాటుతూ ఉండగా పుస్తకంలో రెండు లక్షల చిల్లర మాత్రమే ఉండడం ఎలా సంభవమని నాలుగో అంతస్తువారు అడిగారు. ఎన్నో ఏళ్లుగా అధ్యక్ష పదవి మీద కన్నేసి ఉన్న ఉపాధ్యక్షులవారు, తాము ఎవరినీ అనుమానించడం లేదని, ఆడిట్ మాత్రమే కోరుతున్నామని ఎంతో మృదువుగా అన్నారు. తన జీవితంలో పైసా తేడా ఎరుగని కోశాధికారిగారి ముఖం చూడలేకపోయాం. చివరికి కార్యదర్శిగారు కొడుకును జబ్బ పట్టుకుని తీసుకురాగా, వాడు మైకులో నిజం చెప్పాడు.

“పరీక్ష అంటే మనిషి కాదంకుల్. వరుస. అధ్యక్షులవారికి బదులుగా పోవడానికి పెట్టాను.”

“మనిషి కానివాడు లక్ష రూపాయలిచ్చాడా?” అన్నారు నాలుగో అంతస్తువారు.

“లక్ష కాదంకుల్, ఒక రూపాయి తక్కువ.”

ఆ ఒక్క రూపాయి విషయంలో వాడు చూపిన నిజాయితీ సభను కొంత మెత్తబరచింది. ఉద్యోగంలో ఉన్న వాడి మేనమామకు అప్పటికప్పుడు ఫోను కలిపి స్పీకరులో పెట్టారు. పరీక్షను తొలగించమని, ఇఫ్‌లోని ఫెచ్‌ను తీసేసి నమ్ రోస్ చూడమని, మొత్తాన్ని కూడా లూప్‌లోనే కూడితే తెర మీద కనిపించిన సొమ్ముకూ లెక్కించిన సొమ్ముకూ తేడా రాదని ఆయన చెప్పిన సలహాలో వంక పెట్టడానికేమీ లేదు.

వంక అబ్బాయి చురుకుదనంలో ఉంది. పనిలో పనిగా ఒక పంక్తి తగ్గించవచ్చునని వాడికి తోచి, అంతవరకు లూప్‌కు పైన ఉన్న క్వెరీని, అంటే డేటాబేసును జాబితా అడిగే ప్రశ్నను, తెచ్చి, వైల్ కుండలీకరణాల లోపలే, ఫెచ్ పొట్టలో పెట్టాడు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని వైల్ తిరిగిన ప్రతిసారీ క్వెరీ కొత్తగా వెళుతుంది, కొత్త ఫలితం తెస్తుంది, ఆ కొత్త ఫలితంలోంచి ఫెచ్ మొదటి వరుసను తీసుకుంటుంది. రెండో వరుస వంతు వచ్చేలోగా ఆ ఫలితమే ఉండదు. వరుసలు అయిపోయాయన్న కబురు అందితే తప్ప ఆగని వైల్‌కు ఆ కబురు ఎన్నటికీ అందదు.

మరునాటి సాయంత్రం హారతివేళకు తెర నిండా అధ్యక్షులవారే. ఆయన పేరు, ఫ్లాటు నంబరు, 25,116. ఆయన పేరు, ఫ్లాటు నంబరు, 25,116. పేజీ కిందికి జారుతున్నకొద్దీ ఆయనే పైకి వస్తున్నారు. మొదటినాడు ఒక్కసారి కనిపించలేదని అంత గొడవ చేసిన మనిషి, ఈసారి లోపాన్ని గుర్తించడానికి ఎందుకో చాలాసేపు తీసుకున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, తల కొద్దిగా పక్కకు వంచి చూస్తూ, “ఇంత అవసరమా బాబూ” అని మాత్రం అన్నారు. మొత్తం వసూలు ఎన్ని కోట్లకు చేరేదో చూసే భాగ్యం మాకు కలగలేదు. ఒక స్క్రిప్టును 30 సెకండ్లకు మించి నడవనివ్వని నియమం పీహెచ్‌పీ సెట్టింగుల్లో ముందునుంచే ఉంటుంది. ఆ గడువు తీరగానే లూప్ తెగిపోయి, అధ్యక్షులవారి చిట్టచివరి పేరు కింద, గరిష్ఠ నిర్వహణ కాలం మించిపోయిందని పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో సందేశం వచ్చింది. ఉపాధ్యక్షులవారు దాన్ని రెండుసార్లు బిగ్గరగా చదివారు.

క్వెరీ తన చోటికి వెళ్లిపోయింది. మూడు నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. అప్పుడు తెలుగు మాస్టారు, పెద్దల పేర్ల చివర ‘గారు’ లేకపోవడం సంస్కారం కాదన్నారు. ఆ మాటలో న్యాయముంది. అబ్బాయి ఈసారి వరుసలన్నింటినీ అర్రే అనే ఒక పట్టీలోకి తెచ్చుకుని, వాటిని ఒక్కొక్కటే తీసుకుంటూ తిరిగే ఫర్‌ఈచ్ లూప్ ఒకదానితో ప్రతి పేరుకూ ‘గారు’ తగిలించి, ఇంకొక ఫర్‌ఈచ్‌తో అచ్చు వేశాడు. తగిలించిన ‘గారు’ అర్రేలో నిలవాలంటే మొదటి ఫర్‌ఈచ్‌లో, చేతికి వచ్చిన వరుసను పిలవడానికి పెట్టుకున్న పేరుకు ముందు యాంపర్‌శాండ్ (&) గుర్తు పెట్టాలి, పెట్టాడు. పెడితే, ఆ లూప్ ముగిసిన తరువాత కూడా ఆ పేరు చిట్టచివరి వరుసను వదలకుండా పట్టుకునే ఉంటుంది. రెండో ఫర్‌ఈచ్ కూడా అదే పేరును వాడుకోవడం వల్ల, అది తీసుకున్న ప్రతి దాతా వెళ్లి ఆ చివరి కుర్చీలోనే కూర్చుంటాడు. తీరా చివరివాడి వంతు వచ్చేసరికి అక్కడ కూర్చుని ఉన్నది చివరినుంచి రెండోవాడు. కుర్చీల పని చూస్తున్న నాకు ఈ అన్యాయం తక్షణమే స్ఫురించింది గాని, యథాప్రకారం ఊరుకున్నాను.

కోశాధికారిగారికి తెర మీది మొత్తం పుస్తకంకన్న సరిగ్గా 400 ఎక్కువగా కనిపించింది. ఆయన దాన్ని ఛేదించేలోపే వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. అతడు 116 రూపాయలు ఇచ్చాడు.

“సార్, కిందినుంచి చూస్తే మొదటి పేరు నాదే ఉండె సార్. ఇప్పుడు లేదు. ఆ రెండో అంతస్తు సారుది రెండుసార్లున్నది.”

రెండో అంతస్తుకు చెందిన ఆ పెద్దమనిషి ఎన్నో వాయిదాల తరువాత 516 రూపాయలు ఇచ్చి, దానికి స్టాంపు వేసిన రసీదు అడిగినవాడు. తన పేరు ‘గారు’తో సహా ఒకదాని కింద ఒకటి రెండుసార్లు కనిపించినప్పటినుంచి ఆయన బంధువులను పిలిచి మరీ టీవీ ముందు నిలబెడుతున్నాడట. సరిచేయబోతున్నామని తెలిసి పరుగున వచ్చి, దేవుడి సన్నిధిలో పడిన పేరును చెరపడం అరిష్టమని వాదించాడు. కోశాధికారిగారు 516లోంచి 116 తీసి, తమ 400 దొరికినందుకు తృప్తిగా తలాడించి, అప్పుడు నెమ్మదిగా రసీదు పుస్తకం తెరిచారు.

“మంచిదండీ, రెండు పేర్లూ అలాగే ఉంచుదాం. రెండోదాని తాలూకు 516 ఇప్పుడే ఇచ్చేస్తారా, సాయంత్రం పంపిస్తారా?”

పెద్దమనిషి ఒకసారి రసీదు పుస్తకం వంక, ఒకసారి వాచ్‌మన్ వంక చూశాడు. “నాదేముందండీ,” అన్నాడు గద్గదంగా, “కష్టపడి సంపాదించి ఇచ్చినవాడి పేరు అన్యాయంగా పోయిందే అని నా బాధ. ఏం బాబూ, అది తీసేయడానికి ఎంతసేపు పడుతుంది?”