జాతకాలు కలిశాయి

మేముండేది న్యూజెర్సీలో. మా వాడికి పక్క రాష్ట్రం యూనివర్సిటీలో సీటొచ్చింది. మే 1 లోగా డిపాజిట్ కట్టేసి, ఇక గండం గట్టెక్కిందనుకుంటే డార్మ్ ఫారం, అంటే కాలేజీ హాస్టల్ ఫారం వచ్చింది. ఎన్నింటికి పడుకుంటావు, గది ఎంత శుభ్రంగా ఉంచుకుంటావు, గదికి స్నేహితులు రావచ్చా... ఈ జవాబులు చూసే రూమ్మేటుని కుదురుస్తారట. డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళయితే 2018లో, కొత్తగా చేరేవాళ్ళు రూమ్మేటుని తామే ఎంచుకునే పద్ధతి ఎత్తేశారు. అక్కడా ఇక్కడా పెద్దలు కుదిర్చే సంబంధమే, మా వాడి యూనివర్సిటీ వాళ్ళయితే జాతకాలు కూడా చూస్తున్నారు.

"వాడి చేతికిస్తే సంక్రాంతికి నింపుతాడు" అంటూ మా ఆవిడే లాప్‌టాప్ ముందు కూర్చుంది. రాత్రి పదింటికి పడక, పొద్దున్న ఐదింటికి లేవడం.

"ఎవరు, మన వాడే?"

"అక్కడికెళ్ళాక మారతాడు లెండి."

శుభ్రతకి ఐదుకి ఐదు వేసుకుంది. ఆ వేళకి వాడి మంచం కింద సీరియల్ గిన్నెలు మూడున్నాయి, ఒకదాంట్లో చెంచా నిలబడే ఉంది.

ఆగస్టులో దింపడానికి వెళ్ళాం. మంచం ట్విన్ ఎక్స్‌ఎల్, అంటే ఒంటి మంచంలో పొడుగు రకం, 80 అంగుళాలు. మేం కొన్న దుప్పటి మామూలు ట్విన్‌ది, 75 అంగుళాలు. తలవైపు లాగి తొడిగితే కాళ్ళవైపు టప్పున ఊడొచ్చేది. నేను పరుపు మీద బోర్లా పడుకుని రెండు మూలలు పట్టుకున్నా లాభం లేకపోయింది. రూమ్మేటు వాళ్ళమ్మ, ఒహాయో ఆవిడ, జాలిపడి తన దగ్గరున్న రెండో దుప్పటి ఇచ్చింది. వాళ్ళబ్బాయి నవ్వుతూ నమస్కారం కూడా పెట్టాడు. "చూశారా, ఎంత పద్ధతో!" అంది మా ఆవిడ.

అక్టోబరులో ఫ్యామిలీ వీకెండ్, తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వెళ్ళే శని ఆదివారాలు. చెప్పకుండా వెళ్ళాం. పగలు పదకొండు. కర్టెన్లు మూసే ఉన్నాయి, దుప్పట్ల కింద రెండు గుట్టలు. నేల మీద పిజ్జా డబ్బాలు. మేమిచ్చిన గోంగూర సీసా ఖాళీ, అందులో గేమ్ కంట్రోలర్ బ్యాటరీలు. రూమ్మేటు వాళ్ళమ్మ అప్పటికే వచ్చి, నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"తొమ్మిదిన్నరకే పడుకుంటాడని నేనే రాశాను" అందావిడ నీరసంగా.

కంప్యూటర్‌ని తప్పు పట్టడానికి లేదు. జత చక్కగానే కుదిర్చింది, ఈ ఇద్దరమ్మలకీ. ఇప్పుడు ఆదివారం ఆదివారం గంటసేపు ఫోన్లో మాట్లాడుకుంటారు.

వచ్చే ఏడాదికీ అదే గది కావాలని పిల్లలిద్దరూ అర్జీ పెట్టుకున్నారు. ఫారం వచ్చిందా అని మా ఆవిడ చూడబోతే, పాస్‌వర్డ్ మారిపోయింది.