రిజిస్టరు చర్చి చేతిలో ఉన్నప్పుడు

రెండో ప్రపంచ యుద్ధంలో యూదులను ఆదుకున్న చర్చిల గురించి మాట్లాడితే దయ, విశ్వాసం అనేస్తాం. నాకు వాటికన్నా ముందు కనిపించేది బాప్తిస్మ రిజిస్టరు. 1933 తర్వాత జర్మనీలో సర్కారు ఉద్యోగం నిలబడాలంటే తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ యూదులు కారని రుజువు చూపాలి. ఆ రుజువు ఉన్నది చర్చి బీరువాల్లో. పాస్టర్లు నకళ్లు రాసిచ్చారు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఆఫీసు పని చేశారంతే. ఆ కాగితం తేలేనివాళ్లెవరో ప్రభుత్వానికి తెలిసిపోయింది.

గ్రీసులో అదే కాగితం నాజీలకు అడ్డం తిరిగింది. ఏథెన్స్ ఆర్చిబిషప్ దమస్కినోస్ 1943 మార్చిలో యూదుల తరలింపుపై గ్రీసు ప్రధానికి నిరసన లేఖ రాయడమే కాక, యూదులకు బాప్తిస్మ సర్టిఫికెట్లు ఇమ్మని ఫాదర్లకు చెప్పారు. నగర పోలీసు అధిపతి ఏంజెలోస్ ఎవర్ట్ క్రైస్తవ పేర్లతో గుర్తింపు కార్డులు ఇప్పించారు. జకింథోస్ దీవిలోనైతే యూదుల జాబితా ఇమ్మన్న జర్మన్లకు బిషప్ క్రిసోస్తమోస్, మేయర్ లూకాస్ కరేర్ ఇచ్చిన కాగితంలో ఉన్నవి రెండే పేర్లు, ఆ ఇద్దరివే. దీవిలోని 275 మంది యూదులూ బతికారు. గ్రీసు నగరం సలోనికా నుంచి మాత్రం 40 వేల మందికి పైగా యూదులు మరణ శిబిరమైన ఆష్విట్జ్‌కు తరలిపోయారు. ఆర్చిబిషప్ లేఖ ఆ రైళ్లను ఆపలేదు.

నోరు విప్పితే ముప్పు పెరిగేది కదా అనేవాళ్లు నెదర్లాండ్స్‌ను చూపిస్తారు. 1942 జులై 26న అక్కడి కేథలిక్ చర్చిల్లో యూదుల తరలింపుపై నిరసన లేఖ చదివారు. వారానికే, ఆగస్టు 2న, కేథలిక్కులుగా మారిన యూదులను పట్టుకెళ్లారు. సన్యాసిని ఎడిత్ స్టైన్ వారిలో ఒకరు. నిజమే, భయంకరమైన మూల్యం. కానీ వెస్టర్‌బోర్క్ నిర్బంధ శిబిరం నుంచి యూదులను తరలించే రైళ్లు జులై 15నే మొదలయ్యాయి. ఊరుకుని ఉంటే మిగతా యూదులు బతికేవాళ్లా?

బల్గేరియా కథ ఇంకా చిక్కైంది. 1940లో యూదు వ్యతిరేక చట్టం ఇంకా బిల్లుగా ఉండగానే అక్కడి ఆర్థడాక్స్ చర్చి అభ్యంతరం చెప్పింది. 1943 మార్చి 10న ప్లోవ్‌దివ్‌లో యూదులను ఓ బడి ఆవరణలో నిర్బంధిస్తే మెట్రోపాలిటన్ (ఆర్థడాక్స్ చర్చిలో పెద్ద బిషప్) కిరిల్ కంచె దాటి లోపలికెళ్లి, మిమ్మల్ని తీసుకెళ్తే నేనూ వస్తానన్నారని చెబుతారు. బోరిస్ రాజుకు టెలిగ్రాం కొట్టారు. పార్లమెంటులో ఉపసభాపతి దిమితర్ పెషెవ్ ఒత్తిడి తెచ్చారు. తరలింపు ఆగింది. దేశంలోని దాదాపు 48 వేల మంది యూదులు మరణ శిబిరాలను తప్పించుకున్నారు.

అదే నెలలో బల్గేరియా ఆక్రమించిన త్రేస్, మాసిడోనియాల నుంచి 11 వేల మందికి పైగా యూదులు ట్రెబ్లింకా మరణ శిబిరానికి పోయారు. సోఫియా మెట్రోపాలిటన్ స్తెఫాన్ త్రేస్ యూదుల రైళ్లను కళ్లారా చూసి రాజును వేడుకున్నారు. ఫలితం లేదు. ప్లోవ్‌దివ్ యూదులు ఆ దేశ పౌరులు, వాళ్ల కోసం చర్చితోపాటు ఎంపీలూ కదిలారు. త్రేస్ యూదులకు ప్రభుత్వం పౌరసత్వమే ఇవ్వలేదు. వాళ్ల వైపు నిలబడేసరికి స్తెఫాన్ వెనక ఆ బలగం లేకపోయింది.