కుడి ముంజేతిలో కాపురమున్న ఎర్ర సిరా గారికి

గౌరవనీయులైన ఎర్ర సిరా గారికి,

నమస్కారములు. మీరు, మీ సోదరులు నల్ల సిరా గారు నా కుడి ముంజేతిలో కాపురం పెట్టిన తరువాత మీ క్షేమ సమాచారాలు నేను అడగవలసిన అవసరం రాలేదు. అర్ధరాత్రి నిద్ర లేపి మరీ మీరే తెలియజేస్తున్నారు. అయినా ఈ రోజు మధ్యాహ్నమంతా మీ పుట్టుపూర్వోత్తరాల కోసం నల్లగొండ ఎండలో తిరిగి, ఉత్త చేతులతో, అందులో ఒకటి వాచిన చేయి, ఇల్లు చేరిన తరువాత ఈ లేఖ రాయక తప్పడం లేదు.

యాదగిరిగుట్ట నరసింహస్వామి వారి నామం పచ్చబొట్టుగా పొడిపించుకున్నాను. అంచులు నల్ల సిరా గారివి, నడుమ శ్రీచూర్ణం, అంటే ఎర్ర గీత, మీది. నల్ల సిరా గారు పొక్కు కట్టి, పొట్టు రాల్చి, ఆ తరువాత ఉన్నట్టే తెలియకుండా ఉన్నారు. మీరు కూడా మొదట్లో అంతే బుద్ధిగా ఉండి, ఇక భయం లేదనుకుని చొక్కా చేతులు మడిచి నలుగురికీ చూపించుకున్న తరువాత, వారాలు గడిచాక, తీరిగ్గా లేచారు. కళ్లు మూసుకుని వేలితో తడిమినా మీ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పవచ్చు: ఎరుపున్నంత మేరా చర్మం మడికి గట్టు పోసినట్టు ఉబ్బి, గట్టిపడి, పైన సన్నని పొట్టు లేస్తోంది, నలుపు మొదలయ్యే చోట వెంట్రుకవాసి కూడా అవతలికి దాటలేదు. ఇంత కచ్చితమైన హద్దు మా ఊరి భూముల సర్వేలో నేనెన్నడూ చూడలేదు. డబ్బిచ్చి మరీ నామం పెట్టించుకున్న మనిషిని నిన్నే చూశానని మా బావమరిది అంటున్నాడు. ఇందులో స్వామివారి ప్రమేయం లేదు కనుక ఆ ప్రశంసను మీ ఖాతాకే జమ చేస్తున్నాను.

చర్మవైద్యురాలు దూరం నుంచి చూసే ‘ఎరుపేనా?’ అన్నారు. పచ్చబొట్ల అలర్జీలలో పెద్ద వాటా మీ రంగుదేనట. సూది మిమ్మల్ని పై పొర దాటించి లోపలి చర్మంలో దింపుతుంది. పై పొర రాలిపోయి కొత్తది వస్తూనే ఉంటుంది గాని, లోపల ఒంటికి కాపలా ఉండే కణాలు మీ రేణువులను మింగి, అరిగించుకోలేక, అక్కడే కూర్చుండిపోతాయి. బొమ్మ చెరగకపోవడానికీ, గిట్టని ఒంటికి ఈ పోరు తెమలకపోవడానికీ కారణం అదే. పూతమందుకు తగ్గకపోతే వాపులోకే స్టెరాయిడ్ సూది వేస్తారట, దానికీ లొంగకపోతే కోసి తీసేయవలసి వస్తుందట. లేజర్‌తో చెరిపేయమని అడిగితే, మీరు ముక్కలై ఒంట్లోకి పాకి అలర్జీని ఒళ్లంతా లేపే ప్రమాదం ఉందని ఆమె వద్దన్నారు. ఇంత విడమరచి చెప్పి, చివరకు నన్ను అడిగింది ఒకే ఒక్క మాట: ‘ఆ సిరాలో ఏముందో కనుక్కొని వస్తారా?’

ఆ కనుక్కోవడానికే దుకాణానికి వెళ్లాను. పచ్చబొట్టు పొడిచిన తమ్ముడు అరలోంచి బొటనవేలంత సీసా తీసి, తుడిచి, నా ముందు పెట్టాడు. లేబుల్ సగం చిరిగిపోయింది, మిగిలిన సగం మీద మీరే కారి ఎండిపోయారు. చూడదగినదిగా మిగిలింది ఒక డ్రాగన్ తోక. ‘ఇంపోర్టెడ్ అన్నా’ అన్నాడు. ఏ దేశానిదంటే ‘బయటిది’ అన్నాడు. ఇందులో ఏముందంటే ‘రెడ్డే అన్నా’ అన్నాడు. నా చేయి చూసి కాసేపు ఆలోచించి, ‘నీది వేడి పెయ్యి అన్నా, జెర సల్ల తాగు, తగ్గుతది’ అని వైద్యం కూడా చెప్పాడు. తప్పు నా ఒంటిదేనని తేలింది కనుక సెలవు తీసుకున్నాను.

సిరా గారూ, మాది పత్తి పండించే జిల్లా. ఆ దుకాణం ఎదురుగానే పురుగుమందుల దుకాణం ఉంది. అక్కడి డబ్బా మీద వజ్రాకారంలో ఒక గుర్తు ఉంటుంది, దాని కింది త్రికోణం ఎరుపైతే మహావిషం, పసుపైతే అంతకు తక్కువ, నీలం, ఆకుపచ్చ ఇంకా తక్కువ. చదువు రాని కూలీకి కూడా అర్థం కావాలని పెట్టిన గుర్తు అది. లోపలి రసాయనం పేరు, ఎంత శాతం, బ్యాచి నంబరు, తయారైన తేదీ, పొరపాటున ఒంట్లోకి పోతే విరుగుడు ఏమిటో, అన్నీ ఉంటాయి. పురుగును చంపేదానికి ఇంత వివరం ఉంది. మనిషి తోలు కింద బతికున్నంత కాలం ఉండబోయేదానికి డ్రాగన్ తోక!

అసలు నువ్వెవరు? ఒకప్పుడు నీ వంశం వారు ఇంగిలీకం, అంటే పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. ఆ తరువాత కాడ్మియం వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా కర్మాగారాల్లో పుట్టిన కృత్రిమ రంగులు. వాటిలో చాలా వరకు కార్ల పెయింటు కోసం, ప్లాస్టిక్ కోసం, అచ్చు సిరా కోసం తయారైనవే. వీరిలో నా చేతిలో ఉన్నది ఎవరు? ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి పచ్చబొట్టు సిరాల్లో దాదాపు 4,000 రసాయనాలకు నిషేధమో, పరిమితో విధించి, సీసా మీద లోపలి పదార్థాల పేర్లు రాసి తీరాలన్నది. అక్కడ కూడా నువ్వు కొందరిని ఏడిపించి ఉంటావు, కానీ కనీసం ఏడిపించినవాడి పేరు వాళ్లకు తెలుస్తుంది.

మా నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. జాతరలో దీపపు మసితో పొడిచారు. ఆ సూది ఎంత శుభ్రమైనదో అడగకు. కానీ అందులో ఏం కలిపావంటే పొడిచినామె చెప్పగలిగేది. మెడికల్ షాపులో పెద్దమనిషి నా చేయి చూడకుండానే సర్వరోగ నివారిణి లాంటి ట్యూబు ఒకటి చేతిలో పెట్టాడు. వైద్యుల చీటీ లేనిదే అమ్మకూడదని 2018లో కేంద్రం చెప్పిన స్టెరాయిడ్లలో ఒకటి అందులో ఉంది. ఉందని నాకెలా తెలిసింది? చీమతలంత అక్షరాల్లోనైనా, ట్యూబు మీద రాసి ఉంది కనుక! పసుపు, కొబ్బరినూనె, వేపాకు చెప్పిన బంధువుల ఊసు ఇక్కడ ఎత్తను. అవి ఏమిటో కనీసం నాకు తెలుసు.

డాక్టరమ్మ తన కాగితంలో సిరా వివరాలు రాయవలసిన చోట ఖాళీ వదిలారు. వచ్చే మంగళవారం సూది వేస్తారు. ఆ లోగా నీ సీసా అమ్మినవాడి దగ్గర బిల్లు తెచ్చి, దాని మీద నీ అసలు పేరు, ఊరు, లోపలి సరుకు రాయించి పంపమని నీ యజమానికి చెప్పు. తోక నాకు అక్కరలేదు. సల్ల తాగమని చెబితే మాత్రం ఈసారి ఆ సల్ల అతని దుకాణంలోనే, అతని ఖర్చుతోనే, పొద్దున్నించి రాత్రి దాకా కూర్చుని తాగుతాను.

ఇట్లు,
కిరాయి లేకుండా నీకు చోటిచ్చిన ఇంటాయన,
నల్లగొండ