గ్రామసభలో దివ్యాంగులకు చోటేది?

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయలు అందుతున్నాయి. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. ఆంధ్రలో ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయ ఉద్యోగి ఇంటికి వచ్చి సొమ్ము చేతిలో పెట్టి వెళ్తున్నారు. దీన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. మందులకు, బస్సు చార్జీలకు కొడుకు ముందో అన్న ముందో చెయ్యి చాచే అవసరం తప్పిన మనిషికి ఆ డబ్బు విలువ తెలుసు. అయితే నెలలో మిగిలిన రోజుల్లో ఆ మనిషి ఊరికి ఏమవుతున్నాడన్న ప్రశ్నకు మన పాలకుల దగ్గర జవాబు లేదు. పింఛను జాబితాలో ఉన్న పేరు గ్రామసభ హాజరు పట్టీలో కనిపించదు. గుడి కమిటీలోనూ, పాఠశాల యాజమాన్య కమిటీలోనూ, నీటి సంఘంలోనూ అరుదుగానే కనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ దివ్యాంగులను లబ్ధిదారులుగా గుర్తించడంలో చూపిన చొరవను ఊరి వ్యవహారాల్లో భాగస్వాములుగా గుర్తించడంలో చూపలేదు.

ఇది కొద్దిమంది గొడవ కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులుండగా, వారిలో 69 శాతం పల్లెల్లోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాడు లెక్కకు వచ్చినవారు 22 లక్షలకు పైబడే. అప్పటి లెక్క ఎనిమిది రకాల వైకల్యాలకే పరిమితం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజం, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి, కండరాల క్షీణత, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి గాయాలు వంటివాటిని కూడా చేర్చి 21 రకాలను గుర్తించింది. 2027 జనగణన పూర్తయితే అసలు సంఖ్య ఇంకా పెద్దదిగా తేలే అవకాశం ఉంది. పోలియో పోయింది కదా అనుకోవడానికి లేదు. 2014లో దేశం పోలియో రహితమైంది గానీ, ఆ జబ్బు బారిన పడిన తరం నడివయసుకు చేరి మరింత బలహీనపడుతోంది. పక్షవాతం, రోడ్డు ప్రమాదాలు, చక్కెర వ్యాధితో కాలు తీసేయడం ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కొత్తవారిని ఈ జాబితాలోకి చేరుస్తున్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన నల్లగొండ పల్లెల పెద్దల సంగతి ప్రత్యేకించి చెప్పనక్కర్లేదు.

దివ్యాంగులు గ్రామసభకు రారని, వచ్చినా మాట్లాడరని అధికారులు చెప్పే మాటలో నిజం ఎంతో తెలియాలంటే పంచాయతీ కార్యాలయం ముందున్న ర్యాంపును చూస్తే చాలు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పొడవు పన్నెండు అడుగులుండాలన్నది ప్రమాణం. అరుగు రెండడుగులుంటే ఇరవై నాలుగు అడుగుల వాలు కావాలి, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలుండాలి. చాలాచోట్ల గుత్తేదారు దాన్ని ఆరడుగుల్లో ముగించి, నున్నగా సిమెంటు పూసి, బిల్లు చేసుకుంటాడు. అంత నిటారు వాలు మీద మూడు చక్రాల బండి ఎక్కదు, వెనక్కి జారుతుంది. ఉద్యోగుల మోటారు సైకిళ్లు ఎక్కించుకోవడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. కష్టపడి ఇద్దరి సాయంతో పైకి చేరినా, తలుపు దగ్గర గడప, లోపల చక్రాల కుర్చీ పట్టని మరుగుదొడ్డి. మధ్యాహ్నం దాకా సాగే సభలో కూర్చోవాలంటే పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా రావాలన్నమాట. మహిళల విషయంలో ఈ బాధ ఎంతటిదో ఊహించుకోవచ్చు. రికార్డుల్లో మాత్రం ఆ భవనం దివ్యాంగులకు అనుకూలమైనదే.

చట్టం లేక ఈ దుస్థితి రాలేదు. 2017లో అమల్లోకి వచ్చిన ఆ దివ్యాంగుల హక్కుల చట్టమే ప్రజలు వాడే భవనాలన్నింటినీ నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోగా అందరికీ అందుబాటులోకి తేవాలంది. ఆ గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది. కేంద్రం రూపొందించిన నిబంధనలు ప్రమాణాలను ఆదేశాలుగా కాక సలహాలుగా మార్చేశాయని, అది చట్టం ఉద్దేశానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో తేల్చి, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన క్షేత్రస్థాయి నివేదికను తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం. దేశానికి దారి చూపిన నివేదిక ఇక్కడే పుట్టిందని గర్వపడే ముందు, ఆ విశ్వవిద్యాలయం ఉన్న శామీర్‌పేట చుట్టుపక్కల పల్లెల్లో పంచాయతీ భవనాలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసిరావడం మంచిది.

ర్యాంపుతోనే అంతా తీరిపోతుందనుకోవడం మరో పొరపాటు. చూపులేని వ్యక్తికి మెట్లు పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. సభ ఎప్పుడో, ఎజెండాలో ఏముందో తెలియకపోవడమే అసలు అడ్డంకి. ఇప్పుడు పంచాయతీ ప్రకటనలన్నీ వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలుగా వస్తున్నాయి. కాగితం మీద సంతకం, ముద్ర వేసి ఫోన్‌తో ఫోటో తీసి పంపితే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది ఉత్త బొమ్మే అవుతుంది. అదే విషయాన్ని నాలుగు వాక్యాల్లో టైపు చేసి పంపడానికి పైసా ఖర్చు లేదు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో స్పష్టం చేసింది కూడా. వినికిడి లేనివారి పరిస్థితి ఇంతకన్నా కష్టం. మండలానికి ఒక్క సంజ్ఞాభాష అనువాదకుడినైనా చూపించలేని వ్యవస్థలో వారు సభలో కూర్చున్నా, ఎవరు ఎందుకు కేకలు వేసుకుంటున్నారో తెలియక ముఖాలు చూడటమే మిగులుతుంది. ఇక బుద్ధిమాంద్యం ఉన్నవారిని సభకు తీసుకురావాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో చదువుకున్న పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండాక ఎక్కడికి పోతున్నారో అడిగేవారు లేరు.

సమాజం తీరూ ఇందుకు భిన్నంగా లేదు. ఫంక్షన్ హాళ్లలో పెళ్లి వేదికలు ఏటేటా ఎత్తుగా లేస్తున్నాయి. సొంత మేనకోడలి పెళ్లిలో కింద కుర్చీలో కూర్చుని, అక్షింతలు పక్కవారి చేతికిచ్చి పంపే మేనమామలు మనకు కొత్త కాదు. తిరుమలలో వృద్ధులకు, దివ్యాంగులకు ప్రత్యేక దర్శనం ఉంది గానీ, ఊరి రామాలయంలో భజన జరిగే మండపానికి ఒక చేతికమ్మీ ఉండదు. ఇవన్నీ దుర్మార్గంతో జరుగుతున్నవి కావు. నిర్ణయం తీసుకునే చోట ఆ అవసరం తెలిసిన మనిషి లేకపోవడం వల్ల జరుగుతున్నవి. అందుకే ఇది సౌకర్యాల దగ్గర ఆగే సమస్య కాదు, ప్రాతినిధ్యం దాకా వెళ్లాల్సిన సమస్య.

ఓటు వేయించుకునే విషయంలో ఈ దేశం చాలా శ్రద్ధ చూపింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ఇంటి నుంచే ఓటేసే వీలు కల్పించారు. పోలింగ్ కేంద్రాలకు చక్రాల కుర్చీలు వచ్చాయి, ఓటింగ్ యంత్రాలపై బ్రెయిలీ అంకెలున్నాయి. పోలింగ్ నాడు సాధ్యమైనది గ్రామసభ నాడు ఎందుకు సాధ్యం కాదు? వ్యవస్థ వీరిని పట్టుబట్టి బయటకు రప్పించే మరో సందర్భం వైకల్యం నిజమో కాదో తేల్చుకునేటప్పుడు. 2025లో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన ధ్రువపత్రాల పునఃపరిశీలన సందర్భంగా నడవలేనివారిని బంధువులు ఆటోల్లో ఎక్కించుకుని ఆసుపత్రుల చుట్టూ తిప్పాల్సి వచ్చింది. అనర్హులను ఏరివేయడం అవసరమే. అర్హుల మాట వినడానికీ అంత పట్టుదల ఉంటే బాగుండేది.

పొరుగునున్న తమిళనాడు ఈ దిశగా ఒక అడుగు వేసింది. ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక దివ్యాంగుడిని సభ్యుడిగా నామినేట్ చేసేందుకు 2025 ఏప్రిల్‌లో శాసనసభలో బిల్లులు తెచ్చి ఆమోదించింది. పట్టణాల్లో సుమారు 650 మందికి, 12,913 గ్రామ పంచాయతీల్లో ఒక్కొక్కరికి చొప్పున చోటు దక్కుతుందని ఆ ప్రభుత్వం ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్ అంతకు ముందే పంచాయతీల్లో ఇలాంటి ఏర్పాటు చేసుకుంది. మన దగ్గర చూద్దామంటే, తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ముగ్గురు కోఆప్టెడ్ సభ్యులకు (ప్రజలు ఎన్నుకోకుండా పంచాయతీలోకి చేర్చుకునేవారికి) వీలు కల్పించి, ఒక స్థానం విశ్రాంత ఉద్యోగికి లేదా వయోవృద్ధుడికి, ఒకటి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలికి, ఒకటి ఊరికి విరాళమిచ్చిన దాతకు కేటాయించింది. దాతకు చోటు దొరికిన చట్టంలో దివ్యాంగుడికి దొరకలేదు.

నామినేషన్ అంటే అధికార పార్టీ కార్యకర్తకు పదవి కట్టబెట్టడమేనన్న భయం అర్థం లేనిది కాదు. మహిళా సర్పంచుల కుర్చీల్లో భర్తలు కూర్చోవడం చూసిన రాష్ట్రాలివి. ఇక్కడా బావమరిది వచ్చి మాట్లాడి పోయే ప్రమాదం ఉంది. దానికి విరుగుడు మన అనుభవంలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు, ఇందిరా క్రాంతి పథం అనే పేదరిక నిర్మూలన కార్యక్రమాల కింద ఊరూరా వికలాంగుల సంఘాలు, మండల స్థాయిలో వారి సమాఖ్యలు ఏర్పడ్డాయి. పొదుపు చేసుకుని, అప్పులిచ్చుకుని, ధ్రువపత్రాల కోసం అధికారులను నిలదీసిన సంఘాలవి. వాటికి తిరిగి ప్రాణం పోసి, పేర్లను ప్రతిపాదించే అధికారాన్ని కలెక్టరుకో ఎమ్మెల్యేకో కాకుండా ఆ సంఘాలకే అప్పగించాలి. ఎంపికైన వారిలో సగం మంది మహిళలుండాలి. ఒకే రకం వైకల్యం ఉన్నవారే ప్రతిసారీ రాకుండా మార్చి మార్చి అవకాశమివ్వాలి.

రెండు ప్రభుత్వాలూ తమ పంచాయతీరాజ్, పురపాలక చట్టాలకు ఈ మేరకు సవరణలు తేవాలని కోరుతున్నాం. సభ్యుడిగా వచ్చే వ్యక్తి రానుపోను ఖర్చును, సహాయకుడు గానీ సంజ్ఞాభాష అనువాదకుడు గానీ అవసరమైతే వారి భత్యాన్ని పంచాయతీ నిధుల నుంచే చెల్లించాలన్న మాట కూడా చట్టంలోనే ఉండాలి. తర్వాత ఉత్తర్వుల్లో చూద్దామని వదిలేస్తే, సమావేశాలకు వరుసగా గైర్హాజరైన వారి సభ్యత్వం రద్దు చేసే నిబంధన అందరికన్నా ముందు వీరి మీదే పనిచేస్తుంది.