అడుగున కత్తులున్నంత మాత్రాన అది మూడొందల ఏళ్ల బొమ్మ అయిపోదు

"ఒరేయ్, మన బీరువాలో బొమ్మ కోటి రూపాయలు చేస్తుందట!" అని మా అత్తయ్య ఫోన్ చేసింది. అందరి ఫోన్లలో తిరుగుతున్న మెసేజే ఆమెకూ వచ్చింది. రంగురంగుల ముక్కల బట్టలేసుకున్న పింగాణీ జోకర్ మీ ఇంట్లో ఉంటే తిప్పి చూడండి, అడుగున నీలిరంగులో అడ్డంగా రెండు కత్తులుంటే అది 300 ఏళ్ల నాటి అసలు జర్మన్ బొమ్మ అంటుందా మెసేజ్. సర్కస్ జోకర్లను చూసి రాజుల పిల్లలు ఆడుకోవడానికి అచ్చులో పోసి చేశారట. ఒక్క వేలు విరిగినా విలువ సున్నా అట. గుర్తు కనపడకపోతే నిమ్మకాయ, వంటసోడా పెట్టి తోమాలట. ఇది నమ్మితే కొనేవాళ్లు మోసపోతారు, ఉన్నవాళ్లు పాడుచేసుకుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు కత్తుల సంగతి. ఆ గుర్తు జర్మనీలో సాక్సనీ ప్రాంతంలోని మైసెన్ కార్ఖానాది. అంతవరకు నిజమే. కార్ఖానా 1710లో మొదలైంది, కత్తులు వేయడం 1720లలో మొదలైంది. మైసెన్‌లో అంతకుముందే ఎర్రమట్టితో చేసిన హాస్యనాటక పాత్రలున్నాయి. 300 ఏళ్లు దాటినవి అవి, వాటి మీద కత్తులుండవు. ఆ మెసేజ్ జోకర్ అంటున్న పాత్ర పేరు హార్లెక్విన్. ఆ బొమ్మలకు పేరు తెచ్చిన శిల్పి యోహాన్ యోఆఖిమ్ కెండ్లర్ అక్కడ చేరిందే 1731లో. ఆయన చేసిన ఏ హార్లెక్విన్‌కూ ఇంకా 300 ఏళ్లు నిండలేదు.

పోనీ, ఏళ్లు కాస్త అటూ ఇటూ అయ్యాయనుకుందాం. కానీ కత్తులు వేసింది మైసెన్ ఒక్కటే కాదు. 18వ శతాబ్దంలోనే ఇంగ్లండులోని వూస్టర్ కార్ఖానా తన సామాను మీద అలాంటి కత్తులే వేసింది. 1845లో పారిస్‌లో మొదలైన సామ్సన్ సంస్థకు పాత పింగాణీని చూసి మళ్లీ చేయడమే వ్యాపారం. అన్నిటికన్నా ముఖ్యమైనది, మైసెన్ వాళ్లే కెండ్లర్ నమూనాలను 19, 20 శతాబ్దాల్లో మళ్లీ మళ్లీ చేశారు. వాటి మీద ఉన్నవీ అసలు కత్తులే. కత్తులు మహా అయితే ఎవరు చేశారో చెబుతాయి, ఎప్పుడు చేశారో చెప్పవు. 1740ల నాటి బొమ్మల్లో చాలావాటికి గుర్తు పీఠం వెనకపక్క చిన్నగా, మసగ్గా ఉంటుంది, కొన్నిటికి అసలే ఉండదు.

ఇక బవేరియాలోని నింఫెన్‌బర్గ్ కార్ఖానా కోసం ఫ్రాంజ్ అంటోన్ బుస్టెల్లి 1760 ప్రాంతంలో చేసిన 16 హాస్యనాటక పాత్రలున్నాయి. నా కళ్లకు వాటిని మించిన పింగాణీ బొమ్మలు లేవు. ఆ కార్ఖానా గుర్తు బవేరియా డాలు. కత్తుల కోసం వెతికేవాళ్లు వాటిని పక్కన పడేస్తారు.

సర్కస్ జోకర్ అన్న మాట నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఈనాటి సర్కస్‌కు మొదలుగా చెప్పుకునే ఫిలిప్ ఆస్ట్లీ గుర్రాల ప్రదర్శన లండన్‌లో 1768లో మొదలైంది. అప్పటికి కెండ్లర్ హార్లెక్విన్‌లు పుట్టి ముప్పై ఏళ్లు. హార్లెక్విన్ కొమెడియా డెల్ ఆర్తె అనే ఇటలీ నాటకంలోని మనిషి. 16వ శతాబ్దం నుంచి ఆడిన ఈ నాటకంలో రాసిపెట్టిన మాటలుండవు, కథ తీరు మాత్రం అనుకుని మిగతాదంతా నటులే అప్పటికప్పుడు అల్లుకునేవారు. పాంటలోనె వెనిస్ పిసినారి వర్తకుడు. హార్లెక్విన్ బెర్గామో నుంచి వచ్చిన నౌకరు, ఎప్పుడూ ఆకలే. తోలుబొమ్మలాటలో కేతిగాడు తెర మీదికి రాగానే మనవాళ్లకు ఎవరో చెప్పక్కర్లేదు కదా, ఆ ముక్కల బట్టలు, ముఖానికి నల్ల తొడుగు కనపడగానే అక్కడి ప్రేక్షకులకూ అంతే. కెండ్లర్, తోటి శిల్పి పీటర్ రైనికె కలిసి 1740లలో చేసిన ఒక వరసకైతే, ఇటలీ నాటకరంగం మీద 1728లో వచ్చిన పుస్తకంలోని బొమ్మలే ఆధారం.

పిల్లల ఆటబొమ్మలూ కావివి. రాజుల విందుల్లో చివరగా మిఠాయిలు పెట్టే బల్ల మీద వరసగా పేర్చేవారు. అంతకుముందు అక్కడ చక్కెరతో చేసిన బొమ్మలుండేవి, వాటి చోటులోకి ఇవి వచ్చాయి. బల్లకు అన్ని వైపులా అతిథులుంటారు కాబట్టే వీటి వీపు కూడా ముఖమంత శ్రద్ధగా చేసి ఉంటుంది.

"అచ్చులో పోసి తీసేశారు" అనడం మరీ అన్యాయం. శిల్పి చేసిన నమూనాను ముక్కలుగా కోసి, తల, చేతులు, టోపీ, ఒళ్లు, ఒక్కోదానికీ వేరే అచ్చు తీస్తారు. ఆ రోజుల్లో మట్టిని వేళ్లతో అచ్చులోకి నొక్కేవారు. తర్వాత ముక్కలను పల్చటి మట్టిద్రావణంతో అతికి, అతుకు కనపడకుండా సన్నని పనిముట్లతో దిద్దుతారు. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు బొమ్మల్లో తల వంపు తేడాగా ఉండేది ఇందుకే. బట్టీలో కాలాక బొమ్మ దాదాపు ఆరో వంతు కుంచించుకుపోతుంది. ఆ వేడికి మెత్తబడిన మట్టి ఒంగి కూలకుండా ఏదో ఒక ఆసరా కావాలి. కాలు ఎత్తి గంతేస్తున్న హార్లెక్విన్ వెనక చెట్టు మొద్దు ఉండేది అందుకు. అది తీసేస్తే ఆ సన్నటి కాళ్ల మీద ఆ ఒళ్లు నిలబడదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గదికి వెళితే బొమ్మల కాళ్ల వెనక ఏముందో చూడండి.

విరిగిన వేలు గురించి ఒక్క మాట చాలు. విరిగితే ధర తగ్గుతుంది, సున్నా కాదు. అతికించిన వేళ్లున్న బొమ్మలు పెద్ద మ్యూజియాల్లోనూ ఉన్నాయి.

ఇక తోమడం. దయచేసి ఆ పని చేయకండి. నీలి కత్తులు గ్లేజు అనే గాజులాంటి పూత కింద ఉంటాయి, ఎంత తోమినా కొత్తగా బయటపడేదేమీ ఉండదు. బంగారు గీతలు, చాలా రంగులు గ్లేజు పైన ఉంటాయి, పోయేవి అవే. నానబెడితే, ఎప్పుడో విరిగి అతికించిన పాత అతుకులు కూడా వదులైపోతాయి.

నేను వెళ్లేసరికి అత్తయ్య తోమేసింది. అడుగున కత్తులు మొదటి నుంచీ స్పష్టంగానే ఉన్నాయి. పక్కన మట్టిలో గీసిన మోడల్ నంబరుంది. కెండ్లర్ తొలి హార్లెక్విన్‌ల నాటికి అలా నంబరు గీసే పద్ధతి లేదు, కాబట్టి ఇది తర్వాత చేసినది. టోపీ అంచున ఉన్న బంగారు గీత మాత్రం సగం పోయింది, స్క్రబ్బర్ మీద ఇంకా మెరుస్తోంది.